తాడు పట్టుకుని రోడ్డు దాటే పిల్లలు

"టీలో అల్లం కొంచెం ఎక్కువెయ్యి. అన్నకి ఘాటుగా ఉండాల" అని మా ఆయన దయాసాగర్ వంటింట్లోకి తల మాత్రం పెట్టి చెప్పి పోయాడు.

నేను అల్లం ముక్క కడిగి చిన్న రోట్లో వేసి దంచడం మొదలుపెట్టాను. ముందు గదిలో రామనారాయణన్న కూర్చుని ఉన్నాడు. మా వార్డులో ఏ పని కావాలన్నా ఆయన దగ్గరికే పోవాలి. ఆయనకు షామియానాల వ్యాపారం. పెళ్ళికైనా చావుకైనా మీటింగుకైనా గుడ్డలూ కుర్చీలూ గుండిగలూ ఆయనవే. వాటిని మోసే ట్రాలీ ఆటో మాది. అందుకని ఆయన మా ఇంటికి వస్తే కుర్చీ తుడిచి వేయాలి, మా అత్త కొంగు సర్దుకుని పక్కకు జరగాలి, నేను వంటింట్లోకి పోవాలి. ఎవరూ పొమ్మనరు. ఆయన చెప్పులు గుమ్మం ముందు కనపడగానే నా కాళ్ళే పోతాయి.

ఆ రోజు మాత్రం సంతోషంగానే పోయాను. ఆయన వచ్చింది కాలనీ కమ్యూనిటీ హాలు సంగతి మాట్లాడ్డానికని నాకు తెలుసు. ఆ హాలు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషిని నేనే. ముందు గదిలోంచి "మన సలోమి..." అని నా పేరు వినపడింది. ఆయన నోట నా పేరు రావడం అదే మొదలు. తర్వాతి మాట విందామని దంచడం ఆపాను. వెంటనే "ఏందే, ఇంకా కాలేదా?" అని మా ఆయన కేక. మళ్ళీ దంచాను. ఆ చప్పుడులో వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు తెలియలేదు. చివర్లో ఇద్దరూ నవ్వడం మాత్రం వినపడింది. ఆ నవ్వు విని వంటింట్లో నేను కూడా నవ్వుకున్నాను. నా చీర పట్టుకుని నిలబడిన మా పాప ఏంజెలిన్ చెవిలో "నీ బడి మన వీధిలోకే వస్తా ఉండాది" అని చెప్పాను.

మాది ముంపోళ్ళ కాలనీ. సోమశిల డ్యామ్ కింద ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఆత్మకూరు అంచున ఇళ్ళు వేసుకున్న చోటు. తర్వాత ఇంకెవరెవరో వచ్చి చేరారు. ఇక్కడ ఆడవాళ్ళు తెల్లారేసరికి ఆటోలెక్కి మర్రిపాడు వైపు నిమ్మతోటలకు కూలికి పోతారు. పిల్లలు కళ్ళు తెరిచేసరికి ఇంట్లో తల్లి ఉండదు. ఉన్న అంగన్‌వాడీ ఏమో బొంబాయి పోయే హైవే రోడ్డుకు అవతల. బద్వేలు వైపు నుంచి వచ్చే లారీలు మా దగ్గరికి వచ్చేసరికి పల్లం దొరుకుతుంది, ఇంక ఆగవు. మూడేళ్ళ బిడ్డ దాటే రోడ్డు కాదది.

నాకు భయం ఎక్కువ. అది ఒప్పుకుంటాను. ఏంజెలిన్ పుట్టినప్పటి నుంచి, నిద్రపోతున్న బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవడం నాకు అలవాటు. నీళ్ళ డ్రమ్ముకు మూత పెట్టానా, గ్యాసు కట్టేశానా, గుమ్మం గొళ్ళెం దాని చేతికి అందుతుందా అని ఇల్లంతా తిరుగుతాను, తిరిగినచోటే మళ్ళీ తిరుగుతాను. "నీకు దేవుడు గుండెకాయ మర్చిపోయి గువ్వపిట్టను పెట్టినాడే" అని నవ్వేవాడు మా ఆయన. పెళ్ళైన కొత్తలో ఆ మాట నాకు ముద్దుగానే ఉండేది. కానీ పక్కింటి ఆదిశేషమ్మవ్వ మనవడు చైతన్య ఒక్కడే రోడ్డు దాటిన రోజున నా భయం భయంగా మిగల్లేదు. ఆ రోజు అంగన్‌వాడీలో గుడ్లు ఇస్తారు. వాడి అమ్మ తోటకు పోయింది, అవ్వ నీళ్ళ దగ్గర వరసలో ఉంది. గుడ్డు అయిపోతుందేమోనని వాడు పరిగెత్తాడు. పాల వ్యాను ఒకటి తగిలించి పోయింది. ప్రాణం దక్కింది గానీ ఎడమ కాలు తిన్నగా రాలేదు. ఇప్పటికీ వాడు నడుస్తుంటే చెప్పు నేలమీద ఈడ్చుకునే చప్పుడు మా వంటింట్లోకి వినపడుతుంది.

మర్నాటి నుంచి నేను తాడు పట్టాను. మా ఆయన ఆటోలో పాత తాడు ఉంటే, షామియానా గుంజలకు కట్టేది, దానికి జానెడు జానెడుకు ముడులు వేసి, చేతులు ఒరుసుకోకుండా పాత చీర పేలికలు చుట్టాను. ఒక్కో ముడి ఒక్కో బిడ్డది. "ముడి వదిలినోళ్ళకి గుడ్డు లేదు" అని భయపెట్టి, రోడ్డు పక్కన నిలబెట్టి, అటూ ఇటూ చూసి, ప్రార్థన చేసుకుని, దాటించేదాన్ని. లారీవాళ్ళు హారన్ కొట్టి "మేకల్ని యాడికమ్మా తోలకపోతా ఉండావు?" అని నవ్వేవాళ్ళు. మధ్యాహ్నం మళ్ళీ అదే తాడు, అదే ప్రార్థన. తోటల్నుంచి వచ్చిన ఆడవాళ్ళు నిమ్మకాయలు ఒళ్ళో పోసి "నీ కడుపు చల్లగుండ" అనేవాళ్ళు. దానికేం జీతం లేదు. ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. తాడు పట్టుకున్నంతసేపూ లోలోపల ముడులు లెక్కపెట్టుకుంటూనే ఉండేదాన్ని, అది కూడా ఎవరికీ చెప్పలేదు.

కానీ తాడుతో ఎన్నాళ్ళు? మా వీధి చివర కమ్యూనిటీ హాలు ఉంది. పైన రేకులు కాదు, స్లాబే. లోపల బోరు కుళాయి కూడా ఉంది. అది మునిసిపాలిటీది. నిండా ఉన్నది మాత్రం రామనారాయణన్న కుర్చీలు, గుంజలు, గుండిగలు. ఎప్పుడో ఎండాకాలం పెళ్ళిళ్ళప్పుడు నాలుగు రోజులని పెట్టినవి, అక్కడే ఉండిపోయాయి. తాళంచెవి మా ఇంట్లో, వంటింటి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంది, సామాను తెచ్చేదీ దింపేదీ మా ఆయనే కనుక. ఆ హాల్లో అంగన్‌వాడీ పెట్టమని అడుగుదామని నేనే అన్నాను. ఆదిశేషమ్మవ్వ ముందు నవ్వింది. "పదో తరగతి చదివినోళ్ళకి ఆఫీసర్లు కుర్చీలేస్తారంటనా?" అంది. పదో తరగతి కాదవ్వా, ఇంటర్ మొదటి సంవత్సరం సగం అన్నాను. తర్వాత ఆమే మిగతావాళ్ళను లేపింది. సోమవారం సోమవారం కూలి మానుకుని, పిల్లల్ని చంకనేసుకుని ఆఫీసులో అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కు పోయేవాళ్ళం. మా వంతు వచ్చేసరికి బిడ్డలు నిద్రపోయేవాళ్ళు. పోగా పోగా అంగన్‌వాడీలు చూసే ఆఫీసు మేడం ఒక రోజు జీపు దిగి వచ్చి హాలు కిటికీలోంచి చూసింది. "ఈ సామాను తీయించి ఇస్తే ఇక్కడే సెంటర్ పెట్టిద్దాం" అంది. ఆ సాయంత్రం ఆదిశేషమ్మవ్వ నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "సలోమమ్మా, నడిమధ్యలో వదిలేయబాకమ్మా. నీ మాట మీదనే ఇంతమందిమీ వస్తా ఉండాం" అంది. వదలనవ్వా అన్నాను. ఏంజెలిన్ మీద ఒట్టు పెట్టి అన్నాను.

ఆ తర్వాతే రామనారాయణన్న మా ఇంటికి రావడం, నేను అల్లం దంచడం.

మర్నాడు పొద్దున నేను పిల్లల్ని తాడు పట్టించి రోడ్డు పక్కన నిలబెట్టి ఉంటే మా ఆయన ఆటో ఆపాడు. ఫోన్ తీసి "ఇటు చూడు. నవ్వు" అన్నాడు. నాకు సిగ్గేసింది. పెళ్ళైనప్పటి నుంచి ఆయన నన్ను ఒక్క ఫొటో తీయలేదు. చెమట తుడుచుకుని, జుట్టు వెనక్కి తోసుకుని, పిల్లల్ని కూడా నవ్వమని, బాగా నవ్వాను. ఆ పగలంతా ఆ ఫొటోలో ఎలా పడ్డానో అని ఊహించుకుంటూ గిన్నెలు తోమాను. ఒకవేళ నేను చేసే పని ఈ మనిషికి ఇప్పుడు కనపడిందేమో, చెప్పడం రాక ఫొటో తీశాడేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకే ఇప్పటికీ నా మీద నాకు ఎక్కువ కోపం.

సోమవారం వచ్చింది. ఆడవాళ్ళు తోటల్లో కాయ ఎక్కువుందని పోయారు. "నువ్వొక్కదానివే పొయ్యి ఎప్పుడు తెరస్తారో కనుక్కోని రామ్మా" అన్నారు. ఏంజెలిన్‌ను ఎత్తుకుని పోయాను. మేడం నన్ను చూడగానే నవ్వింది. ఆఫీసులో నన్ను చూసి ఎవరైనా నవ్వడం అదే మొదలు.

"రండి సలోమీ, కూర్చోండి."

నేను కూర్చోలేదు. "హాలు ఎప్పుడు ఖాళీ చేయిస్తారు మేడం?" అన్నాను.

"ఇంక హాలెందుకమ్మా? మీరే ఒప్పుకున్నారంట కదా. మీ ఆయనా, రామనారాయణ గారూ వచ్చి చెప్పారు. పిల్లలందరినీ మీరే దాటిస్తానన్నారంట." ఆమె ఫోన్ తిప్పి నాకు చూపించింది. నేనే. తాడు చివర పట్టుకుని, పళ్ళు కనపడేలా నవ్వుతూ నేనే. "ఎంత మంచి ఆలోచన! మీలాంటి వాళ్ళు కాలనీకి ఒకరుంటే మాకు ఏ గొడవా ఉండదు."

నోరు తెరిచాను. నేను ఒప్పుకోలేదు మేడం అనాలి. అంత చిన్న మాట. కానీ ఆ మాట అంటే నా మొగుడు అబద్ధాలకోరు అని నలుగురిలో చెప్పినట్టు. పక్కన గుమాస్తా ఉన్నాడు, బంట్రోతు ఉన్నాడు, వెనక వరసలో ఎవరెవరో ఉన్నారు. చిన్నప్పటి నుంచి నాకు గట్టిగా నేర్పింది అదొక్కటే, ఇంటి గుట్టు బయట పెట్టకూడదని. "సరే మేడం" అని వచ్చేశాను. సరే అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. బస్టాండు దాకా నడిచాక గానీ ఏంజెలిన్ చెప్పు ఒకటి ఆఫీసు దగ్గరే పడిపోయిందని చూసుకోలేదు.

కాలనీలోకి నాకంటే ముందే కబురు చేరింది. తోట నుంచి వచ్చిన ఆదిశేషమ్మవ్వ అరుగు మీద కూర్చుని చైతన్య కాలికి నూనె రాస్తా ఉంది. నేను దగ్గరికి వచ్చినా తల ఎత్తలేదు.

"అవ్వా..."

"ఏంది లేమ్మా. మీ ఆయన ఆటోకి పెళ్ళిళ్ళ సీజనంతా కిరాయి దొరికినాదంట గదా. మంచిదే." నూనె గిన్నె మూత గట్టిగా పెట్టింది. "బిడ్డ మీద ఒట్టేసినావు గదమ్మా. నేను అడిగినానా నిన్ను ఒట్టు?"

నేనేం చెప్పాలి? నేను కాదవ్వా అంటే నమ్ముతుందా? మొగుడు ఇంట్లో కూర్చుని మాట్లాడుతుంటే టీ ఇచ్చిన మనిషికి తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? గ్లాసులు అందించింది నేను. ఖాళీ గ్లాసులు తీసుకొచ్చి కడిగింది నేను. వాళ్ళు నన్ను అమ్ముతుంటే బేరానికి అల్లం టీ పెట్టింది నేనే.

మా ఆయన సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక అడిగాను.

"నేను ఒప్పుకున్నానని ఎందుకు చెప్పినావు?"

"చెప్తే ఏమైంది? మొగుడూ పెళ్ళాల్లో ఒకరు చెప్తే చాలదా?" ఆయన నా మొహం వైపు చూడలేదు. తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూశాడు. "ఆ సామానంతా బయటేస్తే అన్న యాడ పెట్టుకుంటాడు? ఇంకో ఆటోవాడిని పిలుచుకుంటాడు. అప్పుడు నీ బిడ్డకి పాలెవురు పోస్తారు, మీ మేడమా?"

"మన బిడ్డ కూడా ఆ రోడ్డే దాటాల."

"దాటితే ఏమైతాది? నువ్వుండావు గదా!"

నువ్వుండావు గదా. ఆ మాట నాకు కొత్త కాదు. ఉదయగిరిలో మా ఇంట్లో మా నాయన వరదయ్య కూడా అదే అన్నాడు. మా అమ్మ చెక్క గరిటెలు చేసే కొట్టంలో పనికి కుదిరినప్పుడు, తమ్ముడికి రెండేళ్ళు. వాణ్ణి ఎవరు చూస్తారని అమ్మ అడిగితే "సలోమి ఉండాది గదా" అన్నాడు. అంతే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. కాలేజీ సంచి మేకుకు తగిలించి తమ్ముణ్ణి ఎత్తుకున్నాను. వాడు ఎదిగి బడి సంచి మోసేటప్పటికి నా సంచిని ఎలుకలు కొరికేశాయి. అప్పుడు మా వీధిలో ఒక అంగన్‌వాడీ ఉండి ఉంటే నేను ఈపాటికి ఏదో ఒకటి అయ్యేదాన్నని కాదు. సగంలో ఆగిన పాఠం మిగతా సగం చదివి ఉండేదాన్ని, అంతే. ఇప్పుడు ఆఫీసు మేడం కూడా అదే అంటోంది, కాకపోతే పొగుడుతూ అంటోంది. నేను ఉన్నాను కనుక బడి అక్కర్లేదు. నేను ఉన్నాను కనుక గోడలు అక్కర్లేదు, ఆయా అక్కర్లేదు, రోడ్డు మీద స్పీడు బ్రేకరు అక్కర్లేదు. నేను భయపడి, ముడులు లెక్కపెట్టుకుని చేసిన పనినే తెచ్చి నా నోటికి అడ్డం పెట్టారు. దానికి సాక్ష్యంగా నా నవ్వే తీసుకుపోయారు.

"ఆ ఫొటో అందుకా తీసింది?" అన్నాను.

ఆయన ఫోన్ ఛార్జింగ్ పెట్టడానికి లేచిపోయాడు.

మా అత్త రాహేలమ్మ మూలన కూర్చుని చింతపండు గింజ తీస్తా ఉంది. "గమ్మునుండు సలోమీ" అంది మెల్లగా. "మా ఊరు మునిగేటప్పుడు కూడా అంతే. ఊరందరి తరపునా ఒక పెద్దమనిషి పొయ్యి ఒప్పుకోని వచ్చినాడంట. తెల్లారి మాకు చెప్పినారు. మమ్మల్ని ఎవురడిగినారు? సామాన్లు నెత్తినేసుకోని వచ్చేసినాం." ఇంకో గింజ తీసింది. "మా అమ్మ మాత్రం పొయ్యి ఆర్పకుండా వచ్చింది. నీళ్ళే ఆర్పుకోనీ అన్నాది."

ఆమె ఆ మాట నన్ను ఊరుకోబెట్టడానికే చెప్పింది. నాకు మాత్రం నీళ్ళలో మునుగుతూ కూడా మండుతున్న ఆ పొయ్యి కళ్ళలోంచి పోలేదు.

తెల్లారింది. రోజూలాగే లేచాను. కల్లాపి చల్లాను. అన్నం వండాను. ఏంజెలిన్ తల దువ్వాను. బయట పిల్లలు ఒక్కొక్కరే వచ్చి మా గుమ్మం ముందు చేరుతున్నారు. తోట ఆటో ఇంకా రాలేదు, ఆడవాళ్ళు మలుపు దగ్గర క్యారియర్లు పట్టుకుని నిలబడ్డారు. నన్ను చూసి అటు తిరిగారు. చైతన్య మాత్రం అలవాటుగా చెయ్యి చాపాడు, తన ముడి కోసం.

నేను లోపలికి వచ్చాను. మా ఆయన అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. వంటింటి గుమ్మం పక్కన మేకుకున్న తాళంచెవి తీశాను. ఇన్నేళ్ళుగా దాన్ని తుడిచాను, కింద పడితే ఎత్తి పెట్టాను. ఒక్కసారి కూడా అది నా చేతికి అందే ఎత్తులోనే ఉందని అనుకోలేదు.

"ఏయ్, అది అన్న తాళం. యాడికి తీసకపోతా ఉండావు?"

నాకు భయం ఎక్కువ, చెప్పాను కదా. ఆ మనిషి రేపు ఇంకో ఆటో పిలుచుకుంటే మా ఇంట్లో పొయ్యి వెలగదని నాకు తెలుసు. భయం ఎటూ పోలేదు. భయంతోటే మాట్లాడాను.

"నా మాట నన్ను అడక్కుండా ఇచ్చేసినావు. నీ తాళం నిన్ను అడక్కుండా తీస్తా ఉండా."

ఆయన నోరు తెరిచి మా అత్త వైపు చూశాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. మా అత్త లేచింది. మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ లేచింది. తలుపు మూల నుంచి చీపురు తీసుకుంది. "ఎన్నేళ్ళ దుమ్ముందో ఏమో. ఊడవకుండా బిడ్డల్ని కూర్చోబెడతావా?" అని నన్నే కసిరింది.

తాళంచెవి తీసిన మేకుకు తాడు తగిలించాను.

"తాడేది సలోమక్కా?" అన్నాడు చైతన్య.

"ఈ పొద్దు తాడు లేదు. రోడ్డు కూడా లేదు. నా వెనకే రా."

హాలు తాళం తుప్పు పట్టి ఉంది, తిరిగేసరికి అరచెయ్యి గీరుకుపోయింది. లోపల ఎలుకల వాసన, మడతపెట్టిన గుడ్డల వాసన. పిల్లలు నా కాళ్ళ మధ్య నుంచి దూరి పరిగెత్తారు. పెళ్ళికొడుకు కూర్చునే ఎర్ర మఖమలు కుర్చీ, సింహాలు చెక్కింది, రామనారాయణన్న ఎవరినీ తాకనివ్వనిది, దానిమీదికి చైతన్య ఎక్కి కూర్చున్నాడు. వాడి కుంటికాలు గాలిలో ఊగుతోంది. గుమ్మం బయట ఆదిశేషమ్మవ్వ వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. క్యారియర్ మాత్రం కింద పెట్టింది. వెనకాల తోట ఆటో హారన్ కొడుతూనే ఉంది, ఎవరూ ఎక్కలేదు.

అంతలో మలుపులో రామనారాయణన్న బండి చప్పుడు. మా ఆయన ఫోన్ చేసి ఉంటాడు.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఈ రోజు నేను అల్లం దంచడం లేదు. ఆయన ఏం మాట్లాడినా ఒక్క మాట పోకుండా వినపడుతుంది.